కడుపు పండితే కాంట్రాక్టు రద్దు!

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల కోసం వాలీబాల్ నెట్ కట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పదో తరగతి పూర్తయ్యేసరికి జట్టులో సగం మందికి పెళ్ళి సంబంధాలు కుదిరిపోయాయి. మిగిలిన వాళ్ళతో ఆరుగురి జట్టు కూడలేదు. మా ఆట అక్కడితో ముగిసింది. ఆటనే బతుకుదెరువుగా చేసుకోగలిగిన స్త్రీలకైనా ఈ గతి తప్పుతుందని చాలాకాలం అనుకునేదాన్ని. పెద్ద లీగులున్న దేశాల్లో చట్టాలు వాళ్ళకు అండగా ఉంటాయని నమ్మేదాన్ని. ఇటలీ వాలీబాల్ క్రీడాకారిణి లారా లుగ్లి అనుభవం తెలిశాక ఆ భ్రమ తొలగిపోయింది.

2018-19 సీజన్‌లో లుగ్లి పోర్డెనోనె పట్టణానికి చెందిన ఒక క్లబ్‌కు ఆడింది. అప్పటికి ఆమెకు 38 ఏళ్ళు. 2019 మార్చిలో తాను గర్భవతినని క్లబ్‌కు చెప్పింది. గర్భం వస్తే ఒప్పందం రద్దవుతుందన్న షరతు కాంట్రాక్టులోనే ఉంది. ఆ ప్రకారం ఆమె పని పోయింది. నెల తిరగకుండానే గర్భస్రావం జరిగి బిడ్డా దక్కలేదు. తాను ఆడిన ఫిబ్రవరి నెల జీతం, సుమారు వెయ్యి యూరోలు, రావలసి ఉందని ఆమె అడిగింది. జవాబుగా క్లబ్ ఆమె మీదే నష్టపరిహారం కోరింది. ఆ వయసులో తల్లి కావాలన్న కోరికను దాచిపెట్టి ఒప్పందం చేసుకుందనీ, సీజన్ మధ్యలో ఆమె వెళ్ళిపోవడం వల్ల జట్టు నష్టపోయిందనీ దాని వాదన.

ఈ వాదనను ఒకటికి రెండుసార్లు చదవండి. ఒక స్త్రీ తల్లి కావాలనుకోవడం యజమానికి ముందుగా తెలియజేయవలసిన లోపమట! పాత మోకాలి దెబ్బను దాచిపెట్టినట్టు, మనసులోని కోరికను దాచిపెట్టిందట! ఒక పురుష క్రీడాకారుడు కాంట్రాక్టుపై సంతకం చేసేటప్పుడు, నువ్వు తండ్రివి కావాలనుకుంటున్నావా అని ఏ క్లబ్ అయినా అడుగుతుందా?

2021 మార్చిలో, సరిగ్గా మహిళా దినోత్సవం రోజుల్లోనే, లుగ్లి ఈ విషయాన్ని బహిరంగంగా చెప్పింది. ఇటలీ అంతటా ఆగ్రహం వ్యక్తమయింది. మహిళా క్రీడాకారుల హక్కుల కోసం పనిచేసే అసిస్ట్ అనే సంఘం ప్రధానమంత్రి ద్రాగీకి బహిరంగ లేఖ రాసింది. ఆ షరతున్న కాగితం తాము రాసింది కాదనీ, క్రీడాకారిణి వైపు నుంచే వచ్చిందనీ క్లబ్ చెప్పుకుంది. అది నిజమే అనుకుందాం. తన మెడకు తానే ఉరి బిగించుకునే షరతు మామూలు కాగితంగా చేతులు మారుతోందంటే, ఆ రంగంలో అదెంత సహజమైపోయిందో ఆలోచించండి. చివరికి క్లబ్ తన దావాను వెనక్కి తీసుకుంది. లుగ్లి గెలిచింది. ఆ షరతు మాత్రం ఒక్క క్లబ్‌దీ కాదు, ఒక్క ఆటదీ కాదు.

దీని మూలం చట్టంలో ఉంది. ఇటలీలో వృత్తి క్రీడలకు సంబంధించిన 91వ నంబరు చట్టం 1981లో వచ్చింది. ఏ క్రీడను వృత్తిగా గుర్తించాలో నిర్ణయించే అధికారాన్ని అది క్రీడా సమాఖ్యల చేతుల్లో పెట్టింది. లుగ్లి వివాదం బయటపడేనాటికి ఆ గుర్తింపు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, సైక్లింగ్, గోల్ఫ్ ఆడే పురుషులకే ఉంది. స్త్రీలకు ఒక్క ఆటలోనూ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాధన చేసి, ఆ డబ్బుతోనే బతికే క్రీడాకారిణి కూడా చట్టం దృష్టిలో సరదాకు ఆడుకునే మనిషే. ఆమె కార్మికురాలు కాదు కనుక ప్రసూతి సెలవు, పింఛను, అన్యాయపు తొలగింపు నుంచి రక్షణ ఆమెకు వర్తించవు. 2018లో ఏర్పడిన మాతృత్వ నిధి నుంచి నెలకు వెయ్యి యూరోల చొప్పున పది నెలల దాకా ఇచ్చే ఏర్పాటు చేశారు. అది సహాయమే గాని ఉద్యోగ హక్కు కాదు. స్త్రీల ఫుట్‌బాల్‌కు వృత్తి హోదా 2022లో గాని రాలేదు. క్రీడారంగ కార్మికులకు కొన్ని రక్షణలు కల్పించిన సంస్కరణ 2023లో అమలులోకి వచ్చింది. ఇటలీ మహిళా వాలీబాల్ జట్టు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. 2025లో ప్రపంచ విజేత అయింది. పతకం మెడలో పడేటప్పుడు వాళ్ళు దేశానికి గర్వకారణం. కడుపులో బిడ్డ పడితే మాత్రం ఎవరికీ ఏమీ కారు!

ఆట పని ఎలా అవుతుందని మనలోనే కొందరు అడుగుతారు. వాలీబాల్ చరిత్రే దీనికి జవాబు. ఒలింపిక్స్‌లో స్త్రీలకు చోటు దొరికిన మొట్టమొదటి జట్టు ఆట ఇదే, 1964లో టోక్యోలో. అక్కడ స్వర్ణం గెలిచిన జపాన్ జట్టులో అత్యధికులు నిచిబో అనే బట్టల మిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లు పని, ఆ తర్వాత అర్ధరాత్రి దాకా సాధన. ఈ ఆట మొదటినుంచీ శ్రామిక స్త్రీల భుజాల మీదే నడిచింది.

మన దగ్గర పరిస్థితి వేరు. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్ పురుషులది. అందులో హైదరాబాద్ జట్టూ ఉంది. అమ్మాయిలకు ఆ స్థాయి వేదిక లేదు. రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, విద్యుత్ బోర్డులోనో క్రీడా కోటా ఉద్యోగమే వాళ్ళకు దారి. ఆ ఉద్యోగం దొరికినవాళ్ళకు ప్రసూతి సెలవూ దొరుకుతుంది. అయితే ఆ ఉద్యోగాలు ఎన్ని? రేపు మనకూ స్త్రీల లీగ్ వస్తుంది, రావాలి కూడా. అప్పుడు వేలంపాటలో కొన్న క్రీడాకారిణి గర్భవతి అయితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు లీగ్ మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. ఫుట్‌బాల్ ప్రపంచ సమాఖ్య 2021 నుంచి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, అందులో మూడింట రెండు వంతుల జీతం తప్పనిసరి చేసింది. వాలీబాల్‌లో ఎందుకు కాకూడదు?

మన న్యాయస్థానాలు ఈ విషయంలో ముందే మాట్లాడాయి. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోవాలన్న ఎయిర్ ఇండియా నిబంధనను 1981లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇటలీ ఆ చట్టం చేసిన సంవత్సరం కూడా అదే! ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే దినకూలీ స్త్రీలకూ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని 2000 మార్చి 8న చెప్పింది. గడ్డపార పట్టిన స్త్రీకి ఉన్న హక్కు బంతి పట్టిన స్త్రీకి ఉండదా?

ఇంతవరకు రాసి ఆగిపోతే నాకు సుఖంగానే ఉండేది. కానీ ఇంకో మాట చెప్పకపోతే ఇదంతా ఎదుటివాళ్ళకు చెప్పే నీతి అవుతుంది. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక స్వచ్ఛంద సంస్థలో ఐదుగురు కార్యకర్తలకు ఏడాది కాంట్రాక్టులుండేవి. అందులో ఒకామెకు ఆరో నెల వచ్చింది. సరిగ్గా అప్పుడే గడువు ముగిసింది. నలుగురికి పొడిగించి ఆమెను వదిలేశారు. తొలగించామని ఎవరూ అనలేదు. ప్రాజెక్టు అయిపోయిందన్నారు, అంతే. మేము ఆ నెలలోనే గ్రామాల్లో మహిళా హక్కుల మీద శిక్షణ శిబిరాలు నడిపాం. వెళ్ళిపోయేటప్పుడు ఆమె, “అక్కా, డెలివరీ అయ్యాక మళ్ళీ పిలుస్తారా?” అని నన్ను అడిగింది. చూద్దాంలే అన్నాను. మళ్ళీ పిలవలేదు. పిలవమని నేనూ పట్టుబట్టలేదు.

లుగ్లి కాంట్రాక్టులో ఆ షరతు అక్షరాల్లో ఉంది కాబట్టి లోకానికి చూపించగలిగింది. మన కాంట్రాక్టుల్లో అది కనిపించదు. గడువు తేదీ ఆ పని చేసి పెడుతుంది. అందుకే దానితో పోరాడడం మరీ కష్టం.

కనుక మిత్రులారా, ఈ సంచిక చదివాక ప్రతి ఒక్కరూ మీ సంస్థ నియామక పత్రాన్ని ఒకసారి బయటికి తీయండి. గర్భిణిగా ఉన్న కార్యకర్త కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిస్తే ఏం చేస్తారో అందులో రాసి ఉందా? దాత సంస్థకు పంపే బడ్జెట్‌లో ప్రసూతి సెలవు కాలపు జీతానికి ఒక పద్దు ఉందా? లేకపోతే వచ్చే ప్రాజెక్టు ప్రతిపాదనలోనే ఆ పద్దు చేర్చండి. దాత ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాతపూర్వకంగా అడగండి. లీగుల గురించి, ఒలింపిక్స్ గురించి మనం క్రీడా సంఘాలను నిలదీయాల్సిందే. ముందు మన ఇంట్లో నెట్ సరిగ్గా కట్టుకుందాం.