బడిలో వార్తాపరీక్ష

నంద్యాల జిల్లాలోని యొక ఉన్నత పాఠశాలలో (పేరు చెప్ప నక్కరలేదు) పదవ తరగతి బాలుడు వ్రాసిన వార్త యొకటి ఇటీవల మా కంటబడినది. మహానంది శివరాత్రి ఉత్సవమును గూర్చిన వార్త యది. శీర్షిక యున్నది, స్థలము, తేదీ యున్నవి, లక్షలాది భక్తులు తరలివచ్చిరను వాక్యమును ఉన్నది. ఉపాధ్యాయులు పదింటికి పది మార్కులు వేసినారు. ఆ బాలుని బిలిచి, "మహానందికి పోయితివా నాయనా?" అని యడిగితిమి. "పోలేదు సార్" అనెను. "మరి లక్షలాది యని యెవరు చెప్పిరి?" "వార్త అంటే అట్లే రాయాల సార్."

వానియందు తప్పేమియు లేదు. మనము పరీక్షించినది వార్త వేషమును. వాడా వేషమును చక్కగా వేసినాడు.

లేఖ, కరపత్రము, సంభాషణ, ఇంటర్వ్యూ, వార్తానివేదిక మొదలగునవి మన తెలుగు, ఆంగ్ల ప్రశ్నపత్రములలో సృజనాత్మక రచనలను పేర చోటు సంపాదించుకొన్నవి. బట్టీపాఠముల కంటె నివి మేలే. కాని వార్తను సృజనలో జేర్చుటతోనే చిక్కు వచ్చిపడినది. కథను కల్పింపవచ్చును, వార్తను కల్పింపరాదు. నాలుగు గోడల నడుమ గూర్చుండబెట్టి, చూడని సంగతిని చూచినట్లు వ్రాయుమనుట అబద్ధము నందముగా జెప్ప నేర్పుటయే యగును.

ఈ పంక్తులు వ్రాయువాడు న్యాయవాది. బోనులో నిలిచిన సాక్షిని మేమడుగు మొదటి ప్రశ్న, "నీవు చూచితివా, ఒకరు చెప్పగా వింటివా?" యనునది. 1872 నాటి సాక్ష్యచట్టము పోయి, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. అయినను ఆ ప్రశ్న పోలేదు. కోర్టులో నంతటి పట్టింపు గల మనము, ఇంటికి రాగానే చేతి ఫోనులో వచ్చిన ప్రతి మాటను నమ్మి పదిమందికి బంపుచున్నాము. ప్లీడర్లు ఇందుకు మినహాయింపు గారు.

ఇది మార్కుల ముచ్చట మాత్రమే యైనచో నింత వ్రాయబనిలేదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి వాట్సాపు ద్వారా మన తెలుగు జిల్లాలతో సహా దేశమంతటను ప్రాకినది. భాష తెలియని బాటసారులు, బిచ్చగాండ్రు దొమ్మిలో దెబ్బలు తినిరి. అనేకచోట్ల ప్రాణములే గోల్పోయిరి. మహారాష్ట్రమునందలి ధూలే జిల్లాలో ఆ జూలై 1వ తేదీ నొక్కనాడే ఐదుగురిని కొట్టి చంపినారు. కొట్టినవారిలో చదువు వచ్చినవారు లేరా? ఉన్నారు. వారికి చదువుట వచ్చును, విచారించుట రాదు. ఆ సంవత్సరముననే కేరళమునందలి కన్నూరు జిల్లాలో కలెక్టరు పూనికతో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలలలో "సత్యమేవ జయతే" యను పేర వదంతులను గుర్తించు పాఠములు మొదలుపెట్టిరి. కన్నూరున కైనది నంద్యాలకు గాకపోవుట కేమి కారణము?

అమెరికాలోను ఈ లోపము గలదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశీలనలో, మాధ్యమిక తరగతుల బాలురలో నూటికి 80 మందికి పైగా, ప్రాయోజితమని స్పష్టముగా వ్రాసియున్న ప్రకటనను నిజమైన వార్తగానే యెంచిరి. మన పత్రికలవారమును ఇచ్చట తలవంచుకొనవలెను. 2009 ఎన్నికలలో అభ్యర్థుల వద్ద సొమ్ము పుచ్చుకొని వార్తలు వేసిన భాగోతముపై ప్రెస్ కౌన్సిలు 2010లో నివేదిక వెలువరించినది; అందు ఆంధ్రదేశపు ముచ్చటయు గలదు. కనుక పిల్లవానికి మా పత్రికనే యిచ్చి, ఇందేది వార్త, ఏది యభిప్రాయము, ఏది సొమ్ము పుచ్చుకొని వేసినది యని యడుగుడు. మాకు కోపము రాదు.

నంద్యాల బాలుర కింతకంటె దగ్గరి ప్రశ్న యొకటి గలదు. 1800లో నిజాము ఆంగ్లేయుల కప్పగించిన దత్తమండలమునకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భమున వచ్చినది. ఆ పేరు సూచించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని కొందరు, చిలుకూరి నారాయణరావుగారని కొందరు చెప్పుదురు. ఒక పేరు వ్రాసి ఊరకున్నవానికి సగము మార్కులే చాలును. రెండు మాటలును జెప్పి, ఏ మాట యెవరిది, ఆనాటి దా, తరువాత వ్రాసినదా యని విడదీసినవానికి పూర్తి మార్కులు. స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్యాసమునకై 1908లో చెరసాలకు బోయి, పిమ్మట గ్రంథాలయములకు, వయోజన విద్యకు పాటుపడిన గాడిచర్లవారు, తమ పేరు తగ్గినదని యిందుకు నొచ్చుకొనెడివారు కారనుకొందుము.

మార్కులు వేయుట కష్టమని ఉపాధ్యాయులందురు. నలువదిమంది తరగతిలో నొక్కొక్కని వెంట దిరుగలేమందురు. నిజమే. కాని వార్తతోపాటు వానినోటు పుస్తకమును తెమ్మనవచ్చును గదా! ఎవరిని అడిగినాడు, ఎప్పుడు, ఎచ్చట అని యందుండవలెను. ఆళ్లగడ్డలో ఇద్దరిని ఒకే శిల్పి యొద్దకు బంపుడు. రాయి యెచ్చటినుండి వచ్చినది, ఎన్నిదినముల పని, కూలి యెంత యని వేర్వేరుగా వ్రాసితెత్తురు. రెండు కాగితములు ప్రక్కప్రక్కన బెట్టి, తేడా వచ్చినచోట పిల్లలచేతనే ఒకరినొకరు ప్రశ్నింపజేసినచో, ఐదు నిమిషములలో వాని పని తెలియును. కె.సి. కాలువకు నీరు విడుతురను మాట రచ్చబండ మీద విన్నచో, కాలువ అధికారి నడిగి వచ్చినవానికి మార్కులు. అడుగకయే తేదీ వేసినవానికి సున్న. తెలిసికొన యత్నించితిని, తెలియలేదు అని నిజము వ్రాసినవానికిని మార్కులుండవలెను. ఇప్పుడట్టివానికి లేవు, అందుచేతనే లక్షలాది భక్తులు పుట్టుచున్నారు. వ్రాసినదానిలో పొరపాటు తానే పట్టుకొని, మరునాడు బడి గోడపత్రికలో సవరణ వేసినవానికి వేరుగా రెండు మార్కులు కలుపుట న్యాయము. పెద్ద పత్రికలు సవరణను లోపలి పుటలో మూలను దాచునలవాటు పిల్లలకు రాకుండునుగాక.

నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని యే ఉపాధ్యాయులైన నిట్టి పరీక్ష పెట్టదలచినచో మాకు తెలుపుడు. ఒక యాదివారము మేమే వచ్చి బోనులో నిలుచుందుము. ఈ సంపాదకీయములోని ప్రతి సంగతి మా కెట్లు తెలిసినదో బాలురు మమ్ము క్రాసు ప్రశ్నలు వేయవచ్చును.