ఎండ పెరటికి పచ్చిక కాదు, దుబ్బుగడ్డి

ఇంటిముందు పచ్చిక పరచు అలవాటు పట్టణములనుండి పల్లెలకు, పాఠశాలలకు, కార్యాలయములకు కూడ ప్రాకినది. ముంగిట పచ్చదనము కోరుట తప్పు కాదు. అయితే ఆ పచ్చదనమునకు ఎంత నీరు వెచ్చించుచున్నామో లెక్క చూచుకొనవలెను.

వేసవిలో పచ్చికనుండి రోజుకు 5 మిల్లీమీటర్లకు తక్కువ గాకుండ నీరు ఆవిరియగును. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరనగా ఒక లీటరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 500 లీటర్లు, నెలకు 15 వేల లీటర్లు కావలెను. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురము ప్రాంతమున, బోరుబావి నీటిని ఇట్లు వాడుట తగదని మా అభిప్రాయము.

గరిక ఎండకు చావదు గదా యని కొందరనవచ్చును. నిజమే. అది ఎండి, వానకు మరల చిగుర్చును. కాని వేసవి యంతయు పచ్చగా నుండవలెనన్న నీరు పెట్టక తప్పదు.

ఇందుకు బదులు ఎండ బాగుగా తగులు చోట దుబ్బుగడ్డి పెంచుట మేలు. తడికెలకు వాడు వట్టివేరు ఇందులో మొదటిది. దాని వేళ్లు నిలువుగా 3 మీటర్ల లోతుకైనను దిగి, అడుగు తేమను అందుకొనును. గట్టు మట్టిని కూడ పట్టి యుంచును. పామరోజా గడ్డి పూగుత్తులు ముదిరిన కొలది ఎరుపు తేలి కంటికింపుగా నుండును. నిమ్మగడ్డికి కొంచెము ఎక్కువ తడి కావలెను గనుక దానిని స్నానపు నీరు పారు చోట నాటవచ్చును.

వట్టివేరు, నిమ్మగడ్డి పిలకలను జూన్, జూలై నెలలలో వానలు పడగానే, ఆకు కత్తిరించి, దుబ్బుకు రెండు మూడు చొప్పున, అడుగున్నర ఎడముగా నాటవలెను. వేరూనువరకు తడి ఆరనీయరాదు. పశువుల ఎరువు మితిమీరిన ఆకు మెత్తబడి వాలిపోవును. తొలకరికి ముందు అడుగు ఎత్తున కోసిన కొత్త చిగురు వచ్చును. కోసిన ఆకును మొదళ్ల చుట్టు పరచిన నేల ఆరదు.

ఒక హెచ్చరిక. కొత్త రకమని చూచిన గడ్డి నెల్ల కొనరాదు. అందము కొరకు నాటిన ఫౌంటెన్ గడ్డి హవాయి దీవులలో బీళ్లకు ప్రాకి, కార్చిచ్చులకు మేతయైనది. పూవు బాగున్నదని మన దేశమునకు తెచ్చిన గుర్రపు డెక్క మన కాలువలను ఎట్లు పూడ్చినదో రైతులకు చెప్పనక్కర లేదు. రెల్లు, దర్భ మనవే యైనను పొలము ప్రక్క పెరటిలో నాటరాదు; వాటిని తరువాత పెరికివేయుట కష్టము.

నడివేసవిలో వట్టివేరు ఆకు కొంత పండుబారును. దానిని లోపముగా నెంచనేల? కోతకు వచ్చిన వరిచేను పసుపు వన్నె మనకు అందముగా తోచుట లేదా? మెట్ట ప్రాంతపు పెరడు ఆ నేలకు కురియు వానకు తగినట్లుండవలెను. పంచాయతీ కార్యాలయములు, పాఠశాలలు ముందుగా ఈ మార్పు చేసి చూపినచో గ్రామస్థులు తామే అనుసరింతురు. మిగిలిన నీరు పశువుల తొట్టికి, కూరమడికి దక్కును.