హోప్ ఎక్కడ? విష్ ఎక్కడ?



ఇంగ్లీషు గ్రామర్‌లో 'విష్' పాఠం రాగానే మనమంతా ఒకే వాక్యం బట్టీ పడతాం: ఐ విష్ ఐ వర్ ఎ బర్డ్. మార్కు వస్తది, కాదనను. కానీ పిట్ట కావాలని మన హాస్టల్లో ఎవరికుంది? మన కోరికలు వేరే. వాటిని రాయబోతేనే తప్పు పడుతున్నది.

తెలుగులో మనకు 'బాగుండు' ఒక్కటి చాలు. "రేపు మిర్యాలగూడ బస్సు టైముకు వస్తే బాగుండు" అంటాం. "నాకు రెక్కలుంటే బాగుండు" అనీ అంటాం. మొదటిది జరగొచ్చు, రెండోది జరగదు, మాట మాత్రం ఒకటే. ఇంగ్లీషు అట్లా ఊరుకోదు, ముందే తేల్చుకోమంటుంది. జరగొచ్చు అనుకుంటే హోప్: ఐ హోప్ ద బస్ కమ్స్ ఆన్ టైమ్. లేనిదాని గురించి అయితే విష్, దాని వెనక క్రియ పాస్ట్ టెన్సులోకి పోవాలి: ఐ విష్ ఐ హ్యాడ్ ఎ సైకిల్. హ్యాడ్ చూసి నిన్నటి ముచ్చట అనుకోవద్దు, సైకిల్ లేనిది ఇవ్వాళే.

అయిపోయిన దానికి ఇంకో మెట్టు వెనక్కి పోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో పెద్ద వానలకు కోదాడ దగ్గర నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువ కట్ట తెగింది. ఐ విష్ ద బండ్ హ్యాడ్ నాట్ బ్రోకెన్. తెగకుండా ఉంటే బాగుండేది. 'బాగుండు' కాస్తా 'బాగుండేది' కాగానే మనకూ విచారం తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

వార్డెన్ సార్‌కు రాసే దరఖాస్తులో "ఐ విష్ యు వుడ్ రిపేర్ ద ట్యాప్" అని రాయకండి. వినయంగా కనిపిస్తది గాని, 'ఎన్నిసార్లు చెప్పినా చేయరేం' అని వినిపిస్తుంది. ప్లీజ్ అంటే చాలు. (నల్లా సంగతి సార్‌కు ఎట్లాగూ తెలుసు.)

నాకు బాధనిపించేది ఇంకొకటి. 'మై యాంబిషన్' వ్యాసంలో చాలామంది "ఐ విష్ ఐ కుడ్ బికమ్ ఎ నర్స్" అని రాస్తారు. దిద్దేవారికి అది ఎట్లా అర్థమవుతుంది? కావాలని ఉంది గాని నావల్ల కాదు, అని. పదో తరగతి దాటకముందే మన చేత్తో మనమే ఆశ కొట్టేసుకున్నట్టు! ఐ హోప్ టు బికమ్ ఎ నర్స్ అని రాయాలి. 'ఐ విష్ టు' అన్నా తప్పు లేదు, అది కోరుకుంటున్నాను అనే అర్థం. టీచర్లు విష్‌ను, హోప్‌ను వేరే వేరే రోజుల్లో కాక పక్కపక్కన పెట్టి చెప్పాలని నా అభిప్రాయం.

కొన్ని వాక్యాలకు ఏది పెట్టాలో పుస్తకం చెప్పదు. సాగర్‌కు 1955లో శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ నీళ్లు పల్లానికి పారుతాయి, మెట్ట మీది తండాకు ఎక్కవు. "మా చేనుకు కాలువ నీళ్లొస్తే బాగుండు" అనే మాటను ఇంగ్లీషులో పెట్టమంటే పెద్దలు విష్ అనే అంటారు. లిఫ్టు పెడితే నీళ్లు ఎక్కుతాయి గనుక నేను హోప్ అనే రాస్తాను.