పారుడు పట్టిన దూడ

పిల్లలూ! ఇంట్లో ఆవు గాని, గేదె గాని ఈనిందంటే మీకు పండగే గదా! ఒకపక్క చెంగుచెంగున గంతులు వేసే దూడ, మరొకపక్క జున్ను! అయితే అట్లా గంతులు వేసిన దూడే వారం తిరక్కుండా ఒక మూల కూలబడి వుండటం కూడా మీలో కొందరు చూసే వుంటారు. తోకా తొడలూ పలచని పేడతో తడిసి వుంటై. పెద్దవాళ్లు, "దూడకు పారుడు పట్టింది," అంటారు. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం. ఎందుకంటే, రోజంతా దూడ వెంట తిరిగేది మీరే. జబ్బును మొదట పసిగట్టేదీ మీరే కావచ్చు.

పారుడు తెచ్చే క్రిములు ఒకటి కాదు. పుట్టిన నాలుగైదు రోజుల్లోపల వచ్చేది తరచు ఒక జాతి బాక్టీరియా వల్ల వస్తుంది. ఆ తరవాత రెండు మూడు వారాలలో వచ్చేది వైరస్‌ల వల్ల గాని, కంటికి కనిపించని మరికొన్ని జీవుల వల్ల గాని వస్తుంది. గేదె దూడలకు తల్లి పాలద్వారానే ఏలికపాములు కూడా రావచ్చు. శత్రువులు ఇంతమంది వున్నా, దూడను ఎక్కువగా చంపేది మాత్రం ఒక్కటే: ఒంట్లో నీరు పోవటం.

ఒక లెక్క చేద్దాం. దూడ బరువు 30 కిలోలు అనుకోండి. అందులో నూటికి 70 వంతులు నీరే. అంటే 21 లీటర్లు. ఇంత నీరున్న దూడకు రెండు మూడు లీటర్లు పోతే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. కాని దాని బరువులో పదోవంతు, అంటే 3 లీటర్లు పోయేసరికి దూడ లేచి నిలబడలేదు. ఇంకా పోతే బతకటమే కష్టం. నీటితోబాటు ఉప్పు కూడా పోతుంది. నెత్తురు చిక్కబడుతుంది. గుండె దాన్ని దూరంగా వున్న చెవులకూ, కాళ్లకూ సరిగా పంపలేదు. అందుకే అవి చల్లబడతై.

ఎంత నీరు పోయిందో తెలుసుకోవటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. దూడ మెడమీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పైకి పట్టి వదలండి. ఆరోగ్యంగా వుంటే అది వెంటనే సర్దుకుంటుంది. రెండు సెకండ్లు దాటినా మడత అట్లాగే నిలిచి వుంటే నీరు తగ్గిందన్నమాట. తరవాత కళ్లు చూడండి. అవి లోపలికి పోయి, గుడ్డుకూ రెప్పకూ మధ్య సందు కనిపిస్తున్నదంటే ప్రమాదం దగ్గరికి వచ్చిందన్నమాట.

మరి ఏం చెయ్యాలి? "అసలే పారుతున్నది, నీళ్లు పడితే ఇంకా పారుతుంది," అని కొందరు పాలూ నీళ్లూ రెండూ ఆపేస్తారు. ఇది పొరపాటు. పోయినదాన్ని తిరిగి పొయ్యకపోతే దూడ ఎట్లా బతుకుతుంది? అయితే ఉత్త నీళ్లు చాలవు. ఇక్కడే ఒక తమాషా వున్నది.

పేగు గోడలో ఒక చిత్రమైన తలుపు వున్నది. ఉప్పు ఒంటరిగా వస్తే అది తెరుచుకోదు. గ్లూకోజు ఒంటరిగా వచ్చినా అంతే. రెండూ జంటగా వస్తే తలుపు తెరుచుకుంటుంది. వాటి వెనకే నీరు కూడా లోపలికి పోతుంది. ఈ సంగతిని 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వివరించాడు. పారుడు పట్టిన పేగులో కూడా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే వుంటుంది!

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది జనం మన దేశానికి వలస వచ్చారు. పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శిబిరాల్లో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను అయిపోవచ్చింది. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి రోగులచేత తాగించాడు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతూవుండగా, ఆయన చూసిన రోగుల్లో నూటికి నలుగురు కూడా చనిపోలేదు.

దూడకూ ఇదే ఉపాయం పనికివస్తుంది. కాని ఒక్క జాగ్రత్త! మన పిల్లలకైతే ఉప్పుతో పంచదార కలిపినా సరిపోతుంది. మన పేగులు పంచదారను విడగొట్టి గ్లూకోజు తీసుకోగలవు. పాలుతాగే దూడ పేగులకు ఆ శక్తి లేదు. పంచదార గాని, బెల్లం గాని పెడితే అది పేగులోనే వుండిపోయి, ఇంకా నీటిని లాగి పారుడును పెంచుతుంది. ప్రేమతో పట్టిన బెల్లపునీళ్లే దూడకు కీడు చేస్తై! అందుచేత గ్లూకోజు వున్న పొడే వాడాలి. పశువుల కోసం ప్రత్యేకంగా తయారుచేసినది శ్రేష్ఠం. అది దొరికేలోపల, మందుల షాపులో దొరికే గ్లూకోజు వున్న ఓ.ఆర్.ఎస్. పొట్లమైనా, దాని మీద రాసినంత నీటిలోనే కలిపి పట్టవచ్చు. గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు పట్టాలి. పాలు మానిపించకూడదు, పాలకూ ఈ నీళ్లకూ మధ్య రెండు మూడు గంటలు ఎడం వుండాలి.

దూడ చీకటం మానేసినా, లేవలేకపోయినా, పేడలో నెత్తురు కనిపించినా ఆలస్యం చెయ్యక పశువుల డాక్టరును పిలిపించాలి. మింగలేని దూడ నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతై. అప్పుడు సెలైను ఎక్కించవలసిందే. జబ్బు దూడను మిగతా దూడలకు దూరంగా, పొడిచోట కట్టెయ్యండి. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ క్రిముల్లో కొన్ని మనకూ అంటుకుంటై.

అసలు పారుడు రాకుండా చేసే మందు తల్లి పొదుగులోనే వున్నది. అదే జున్నుపాలు. దూడ పుట్టేటప్పుడు దాని నెత్తురులో రోగాలతో పోరాడే రక్షక పదార్థాలు దాదాపు వుండవు. జున్నుపాలనుంచే అవి రావాలి. పేగు వాటిని నెత్తురులోకి పోనిచ్చేది మొదటి రోజు మాత్రమే. గంట గంటకూ ఆ దారి మూసుకుపోతూ వుంటుంది. అందుచేత 30 కిలోల దూడ మొదటి రోజు 3 లీటర్లు తాగాలి. అందులో సగమైనా మొదటి రెండు గంటల్లోనే తాగాలి. మాయ పడేదాకా ఆగనక్కర్లేదు.

ఇకమీద ఇంట్లో జున్ను వండుతూవుంటే గిన్నె పట్టుకుని పరుగెత్తేముందు, "దూడ కడుపునిండా తాగిందా?" అని అడగండి. దాని వాటా అయిన తరవాతే మన వాటా!