పండ్ల పరీక్ష చీటీ రోగి చేతికి రావలెను



రక్తపోటు, చక్కెర లెక్కలను తేదీలవారీగా దాచుకొను కుటుంబములలో కూడ పండ్ల లెక్క కానరాదు. నొప్పి పుట్టిన పంటికి వైద్యము చేయించుకొని, మందుల చీటీతో ఇల్లు చేరుట మనకు అలవాటు. తక్కిన నోటి స్థితి ఎట్లున్నదో వ్రాసి ఇమ్మని అడుగువారు అరుదు. ఇందువలన కలుగు నష్టము చిన్నది కాదు.

చిగుళ్ల వ్యాధి తరచు నొప్పి లేకయే ఏండ్ల తరబడి సాగును. పంటికిని చిగురుకును నడుమనున్న సందు లోతును గుర్తులున్న సన్నని కడ్డీతో కొలుతురు. అది 3 మిల్లీమీటర్ల లోపు ఉన్నచో సాధారణముగా భయము లేదు. నేడు 5 అని తేలినదనుకొందము. వ్యాధి నిలుకడగా నున్నదో, ముదురుచున్నదో ఆ ఒక్క అంకె చెప్పజాలదు. వెనుకటి పరీక్షలో ఎంత యున్నదో వ్రాసియున్నప్పుడే తెలియును.

మాకు బంధుత్వములున్న ఉత్తరాంధ్ర తీరపు పల్లెలలో కొందరు స్త్రీలకు అడ్డపొగ అలవాటున్నది. చుట్ట నిప్పు నోటిలోపలనుండుటచే అంగిలిపై మచ్చలు, పుండ్లు ఏర్పడి, కొన్ని పుట్టకురుపుగా మారుచున్నవి. మచ్చ ఎక్కడ, ఎంత, ఏ తేదీన కనబడినదో వ్రాసియున్నచో మరుసటి పరీక్షలో దాని పెరుగుదల దాగదు. అయితే ఈ అలవాటును గూర్చి పదిమంది ఎదుట అడిగిన ఏ స్త్రీయు నిజము చెప్పదు. చాటుగా అడిగి వ్రాసికొనవలెను.

మావంటి కుటుంబములలో తల్లిదండ్రులు బరంపురమున, కూతురు విశాఖలో, కొడుకు బెంగుళూరులో ఉందురు. ఒకచోటి వ్రాత మరొకచోట చదువగలరా యను సందేహమునకు తావు లేదు. 1970లో ప్రపంచ దంతవైద్య సమాఖ్య అంగీకరించిన పద్ధతిలో ప్రతి పంటికి రెండంకెల గుర్తున్నది. 46 అనగా క్రింది కుడి దవడలోని మొదటి పెద్ద దంతము. పాలపండ్లకు వేరు అంకెలున్నవి. అంకెకు ఒరియా, తెలుగు, కన్నడ భేదము లేదు.

2014 నాటి దంతవైద్యుల నైతిక నియమావళి ప్రకారము వైద్యుడు రికార్డులను కనీసము 3 సంవత్సరములు భద్రపరచవలెను. కాని చిగుళ్ల వ్యాధి ఆయువు అంతకంటె పెద్దది. కనుక ఒక ప్రతి మన పెట్టెలో నుండుట క్షేమము. 2021లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన డిజిటల్ ఆరోగ్య పథకమున 14 అంకెల సంఖ్యతో, మన అనుమతిపై, రికార్డులను జోడించవచ్చును. మంచిదే. అయినను "పన్ను తీయబడినది" అని మాత్రమే వైద్యుడు వ్రాసిన, ఆ సంఖ్య వెనుక దొరకునది ఆ ఒక్క ముక్కయే.

వైద్యులకు తీరిక లేదనవచ్చును. వైద్యుడు అంకెలు పలుకుచుండగా సహాయకుడు పటముపై గుర్తించిన కొలది నిమిషముల పని.

మన తెలుగు సంఘములు ఉచిత దంతవైద్య శిబిరములు నడిపిన పిదప ఎందరిని పరీక్షించిరో ప్రకటించుచుండును. ఇకమీదట పరీక్షింపబడిన ప్రతివాని చేతిలో తేదీ వేసిన చీటీ ఉన్నదా యని కూడ చూడవలెనని కోరుచున్నాను. చీటీ లేని శిబిరము మరునాటికి మరపున పడును.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా