లొట్టిలో ఈస్టు కష్టాలు

పిల్లలూ! మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్ల చుట్టుపక్కల వాగుల గట్ల మీదా, చెలకల అంచునా ఈతచెట్లు కనిపిస్తాయి. చలికాలంలో గీతపనివారు మోకు సాయంతో చెట్టెక్కి, మొవ్వు దగ్గర గీసి, లొట్టి కడతారు. రాత్రంతా రసం చుక్కచుక్కగా కారి అందులో పడుతుంది. లొట్టికి లోపల సున్నం పూసి ఉంటే, తెల్లవారి దించిన రసం తియ్యగానే ఉంటుంది. అదే నీరా. సున్నం లేకపోతే, తెల్లవారేసరికే నురగ కట్టి కల్లుగా మారుతుంది. ఎందుచేత?

ఈ పని చేసేది ఈస్టు అనే సూక్ష్మజీవి. ఇది ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరు పొడవులో దాదాపు 200 ఈస్టు కణాలు వరసగా నిలబడగలవు. గాలి నుంచీ, పురుగుల నుంచీ, పాత లొట్టి అడుగు నుంచీ ఇది రసంలోకి చేరుతుంది. సున్నపు ఘాటులో పెరగలేదు. సున్నం లేనిచోట చక్కెరను తిని, ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ బయటికి వదులుతుంది. నురగకు కారణం ఈ వాయువే. చక్కెర పులియటం ప్రాణమున్న ఈస్టు చేసే పని అని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857లో చెప్పాడు.

ఆల్కహాలు వల్ల ఈస్టుకు ఒక లాభం ఉన్నది. చాలా సూక్ష్మజీవులు దాని ధాటికి ఆగలేవు గనుక చక్కెర చాలావరకు ఈస్టుకే దక్కుతుంది. కాని చిక్కేమిటంటే, అది పెరిగినకొద్దీ ఈస్టుకు కూడా విషమే!

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. ఆల్కహాలు ఆ పొరను వదులు చేస్తుంది. అప్పుడు బయటి ఆమ్లం లోపలికి జొరబడుతుంది. కణంలో పనులు చేసే మాంసకృత్తులు రూపు చెడి ముద్దకడతాయి.

మరి ఈస్టు ఊరుకుంటుందా? మొదట, పొరలోని కొవ్వులను మార్చుకుంటుంది. ఎర్గోస్టెరాల్ అనే పదార్థంతో పొరను గట్టిపరుస్తుంది. దీనిని తయారుచేయటానికి కొంచెం గాలి కావాలి. అందుకే బొత్తిగా గాలి తగలనిచోట ఈస్టు త్వరగా నీరసిస్తుంది. రెండవది, లోపలికి వచ్చిన ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడి పోస్తుంది. మూడవది, ట్రెహలోజ్ అనే చక్కెరను కూడబెడుతుంది. నాలుగవది, రూపు చెడిన మాంసకృత్తులను సరిచేసే ప్రత్యేకమైన మాంసకృత్తులను తయారుచేస్తుంది. విపరీతమైన వేడి తగిలినప్పుడు కూడా వీటినే పనిలోకి దింపుతుంది.

ఇన్ని పనులకూ శక్తి కావాలి గదా! తిన్న తిండిలో చాలా భాగం మరమ్మత్తులకే సరిపోతుంది. అందుచేత ఈస్టు పెరగటం తగ్గించి, ప్రాణం నిలుపుకోవటం మీదనే దృష్టి పెడుతుంది.

అయినా ఓర్పుకు హద్దు ఉంటుంది. కల్లులో ఆల్కహాలు నూటికి సుమారు 5 పాళ్ళు. ద్రాక్షరసాన్ని పులియబెట్టే గట్టి రకం ఈస్టు 15 పాళ్ళ దాకా కూడా తట్టుకుంటుంది. ఆపైన దానికీ కష్టమే. అంతకంటె బాగా ఘాటైనవి కావాలంటే కాచి, ఆవిరిని చల్లార్చి తీయవలసిందే. పుట్టుకతోనే ఇన్ని ఉపాయాలు తెలిసిన ఈస్టే ఆల్కహాలుకు లొంగిపోతుంటే, మనుషుల సంగతి చెప్పాలా!

ఈస్టు సత్తువను మీరూ చూడవచ్చు. రొట్టెలు చేసేవారు వాడే ఎండు ఈస్టు గుళికలు అమ్మనడిగి తెప్పించుకోండి. ఒక సీసాలో సగం దాకా గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఈస్టు వేసి కలపండి. మూతికి బుడగ తొడగండి. గంటలోపల బుడగ లేచి నిలబడటం మొదలవుతుంది. ఆ నీళ్ళు రుచి చూడకుండా పారబోయండి.

నీళ్ళు తగలగానే ఆ ఎండు గుళికలకు ప్రాణం ఎక్కడినుంచి వచ్చిందంటారా? అవి చావలేదు, నిద్రపోయినాయి. ఎండిపోయిన కాలంలో కణాన్ని కాపాడినవాటిలో ముఖ్యమైనది ఇందాక చెప్పుకున్న ట్రెహలోజ్ చక్కెరే!