వలపు బొమ్మల పొత్తములు

బందరులో డచ్చివారి సమాధుల తోటకు బోయిన సోదరీమణులు అచ్చటి రాళ్లపై చెక్కిన వంశచిహ్నములను చూచియే యుందురు. ఆ డచ్చివారి యోడ బందరు రేవునకు వచ్చినది 1605వ సంవత్సరమున. ఇచ్చట వారు కలంకారీ బట్టలకు బేరము లాడుచున్న దినములలోనే, వారి దేశమున నొక వింత పొత్తము పడుచుల చేతులలో నాడుచుండెను. పుటకొక బొమ్మ, దానితో నొక చిన్న సూక్తి, క్రింద పద్యము. మూడింటికిని విషయము వలపే. 1601లో డానియల్ హైన్సియస్ హాలండు కన్యకలను సంబోధించుచు దీనికి నాంది పలికెను. 1608లో పొరుగుననున్న ఆంట్వర్పునందు ఆటో వేనియస్ 124 బొమ్మలతో వేఱొకటి వెలువరించెను. అందు రెక్కల మన్మథశిశువు మొక్కకు నీరు పోయుచుండును. ఎండిన మ్రానును ద్రాక్షతీగె విడువక యల్లుకొని యుండును. 1618లో యాకబ్ కాట్స్ ఒక్క బొమ్మకే వలపు, లోకనీతి, భక్తి యను మూడర్థములు చెప్పెను. ద్వ్యర్థికావ్యము లెఱిగిన మనకు సయిత మిది ముచ్చటగనే యుండును.

ఇప్పు డివి దుర్లభములు. స్కాట్లండున విలియం స్టర్లింగు మాక్సువెల్ (1818-1878) అను నాతడు ఇట్టి చిత్రగ్రంథములను పెక్కింటిని కూర్చెను. ఆ సేకరణ నేడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున నున్నది.

సేకరించువారు ముందుగా చూచునది అచ్చు. రాగిరేకుపై చెక్కిన గీతలు ముద్రించినకొలది నరిగి బొమ్మ వెలవెలబోవును. అచ్చుచెక్క యరిగినచో నేమగునో పెడన అద్దకపు పనివారి నడిగినను చెప్పుదురు. కావున తొలుత తీసిన ప్రతులకు విలువ హెచ్చు. మరకలును మడతలును లేనిచో మఱియు హెచ్చు. ఇదియే మాకు మింగుడు పడలేదు. కన్యకలకై వ్రాసిన పొత్తములలో వారు నిజముగ చదివినవి చాలవఱకు చినిగిపోయియుండును. ఎవరును ముట్టనివే మిగిలి మెప్పు పొందుచున్నవి.

మా యింట నాయనమ్మగారి పాటల వ్రాతపుస్తక ముండెడిది. పెండ్లిపాటలు, మేలుకొలుపులు, రెండుమూడు మువ్వగోపాల పదములు. అంచుల వెంట వెలిసిన సిరాతో చిలుకలు, మామిడిపిందెలు. ఆకుల నిండ పసుపువ్రేళ్ల గుఱుతులు. ఇల్లు మారునప్పుడు ప్రాతకాగితములతో బాటు దానిని గుడివాడలో తూకమునకు అమ్మివేసితిమి. ఇతరుల ననుట కేమున్నది, అమ్మినది మేమే. ఆ పదములు నేడు అచ్చుపుస్తకములలో దొరకుచున్నవి. ఆ చిలుకలు దొరకవు.

దివిసీమలో 1977 నాటి యుప్పెన ఎన్ని యిండ్ల పెట్టెలను గొనిపోయినదో! మిగిలిన పెట్టెలలో నిట్టి పుస్తకమున్న సోదరీమణులు, మరక లున్నవని వెనుదీయక మాకు వ్రాయుడు. పుస్తకము పంప నక్కఱలేదు. ఏ పుటయందేమి యున్నదో, ఎవరి చేతివ్రాతయో తెలిపిన చాలును.